రెండు దేశాలు, రెండు శుభలేఖలు

ఉప్పునీళ్లు ఎక్కిన వరిపొలాల మీద అంతర్జాతీయ సదస్సు పెడతామని రెండు దేశాలు ముందుకొచ్చాయి. నిర్వహణ బాపట్లలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి, అంటే నాకు, అప్పగించారు. రేపల్లెలో ఉండే మా అక్క ఒకటే మాట అంది: "చర్చలు ఎక్కడైనా చేసుకోండే. వచ్చినవాళ్లు మాత్రం నా పొలం చూడాలి." సముద్రపు నీళ్లు ఎగదన్ని ఆమె పొలం సగం చవుడు తేలిపోయింది. అందులో మళ్లీ వరి పండించే దారి ఎవరైనా చెబుతారని అక్క ఆశ.

రెండు కాన్సులేట్ల అధికారులు, ఒకాయనా ఒకావిడా, మాటల కోసం తెనాలి వచ్చారు. హోటల్ మీటింగు హాల్లో కూర్చోబెట్టాను. ఇద్దరికీ తెలుగు రాదు, మాటలన్నీ ఇంగ్లీషులోనే. తేదీలు ఇట్టే కుదిరాయి. ఆహ్వానపత్రంలో ఎవరి దేశం పేరు ముందుండాలన్న దగ్గర బండి ఆగింది. అక్షరక్రమం ప్రకారం మాది అన్నారాయన. ముందు అడిగింది మేము అన్నారావిడ. ఇద్దరి మొహాల్లో నవ్వు చెదరలేదు, ఇద్దరూ అంగుళం కదల్లేదు. భోజనాల దగ్గర గోంగూర మీద మాత్రం ఏకాభిప్రాయం వచ్చింది. చివరికి ఆయన, "పోనీ, హైదరాబాద్‌లో ఎవరి సమావేశం వాళ్లం పెట్టుకుందాం" అన్నారు. ఆవిడ తలూపారు.

నాకు ఒళ్లు మండింది. హైదరాబాద్‌లో పెడితే అక్క పొలం ఫొటోలో చూసి టీ తాగి వెళ్లిపోతారు. పేర్ల దగ్గర పంతాలు మా బంధువుల్లో నేను చూడనివా!

"మా పెళ్లిళ్లకి రెండు శుభలేఖలు వేస్తామండి," అన్నాను. "ఆడపెళ్లివారిది వాళ్లు, మగపెళ్లివారిది వాళ్లు. ఎవరి కార్డు మీద వాళ్ల పెద్దలే పైన. ముహూర్తమూ మండపమూ మాత్రం ఒకటే. మండపం బాపట్ల, మొదటిరోజు ఉదయం రేపల్లె పొలం. రాసుకోండి."

ఆవిడ ఫక్కున నవ్వారు. దేశాల మధ్య ఒప్పందాలకూ ఇదే పద్ధతట, ఎవరి ప్రతిలో వాళ్ల పేరు ముందట. మరి పొద్దున్నించి ఏం చేస్తున్నట్టు, అనుకున్నాను. సాయంత్రం రైలుకి ముందే ఇద్దరూ సంతకాలు పెట్టారు.

సదస్సు మొదటిరోజు అక్క తన బోరునీళ్లు రెండు గ్లాసుల్లో పట్టి వాళ్లిద్దరికీ ఇచ్చింది. ఒక్క గుక్కకే ఇద్దరి మొహాలూ ముడుచుకుపోయాయి.

"ఇదండీ మా నీళ్ల రుచి. దీనికో దారి చూపించి, ఆనక ఎవరి పేరు ముందేసుకుంటారో వేసుకోండి," అంది అక్క.

మీ అక్క ఏమన్నారు, అని ఇద్దరూ నావైపు తిరిగారు. ఒక్క మాట కూడా తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పాను.