మైకులో వినిపించిన 'ఊ'

మాది యాంగోన్. మేమింకా రంగూన్ అనే అంటాం. మా నాన్న రేడియోలో బర్మీస్ భాషలో హాకీ వ్యాఖ్యానం చెప్పేవారు. ఇంటికొచ్చాక ఆటంతా అమ్మకి తెలుగులో మళ్లీ చెప్పేవారు. హాకీ ముక్క తెలియని అమ్మ వంటింట్లో గోంగూర ఒలుస్తూ ఊ కొట్టేది. ఆ ఊ వినబడకపోతే ఆయన బంతి ముందుకి కదిలేది కాదు. అమ్మ పోయాక మా ఇంట్లో ఆటలు ఆగిపోయాయి.

నిరుడు ఇక్కడి క్రీడా సంఘం ఏటా ఒక రోజును నాన్న పేరిట జరుపుతామని ప్రకటించింది. మొదటి సభకి ఆయన్ని నేనే తీసుకెళ్లాను. ఇక్కడ పెద్దవాళ్ల పేరుకి ముందు గౌరవంగా 'ఊ' చేరుస్తారు. వేదిక మీదావిడ "ఊ..." అందో లేదో కరెంటు పోయింది. పేరు వినబడలేదు.

నాన్న లేచి నిలబడ్డారు. "బంతి లెఫ్ట్ వింగు కాడికెల్లింది. ఇద్దర్ని తప్పించీసినాడు..." అంటూ తెలుగులో అందుకున్నారు. ఆ హాల్లో తెలుగు వచ్చింది మా ఇద్దరికే. నాకు తల కొట్టేసినట్టయింది.

"నాన్నా, కూకో. అందరూ ఇంటన్నారు."

"ఏటే, నీకినబడ్లేదేటి? మీయమ్మ ఊ కొట్టింది గదా!"

ఏం చెయ్యాలో తోచక, మెల్లగా నేనే "ఊ" అన్నాను.

నాన్న ఆగిపోయారు. "ఇది నువ్వు" అని కూర్చుండిపోయారు.

కరెంటు వచ్చింది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. రోజూ పక్కనే ఉంటున్నా, ఆయనెంత ఒంటరో నాకు ఆ చీకట్లోనే తెలిసింది. ఇప్పటికీ ఇంటికెవరైనా వచ్చి గౌరవంగా "ఊ" అని పిలవబోతే, నాన్న ముందు వంటింటి వైపు చూస్తారు.