అద్దం లేని తాలింఖానా

మాస్టర్ పోయాడన్న మాట నా కొడుకు నోటి నుంచే విన్నాను. బడులు తెరిచే రోజులు కదా, తెల్లవారగానే మిషన్ ముందు కూర్చుని యూనిఫారం చొక్కాలకు కాలర్లు కుడుతున్నాను. ఆ చప్పుడులో పక్కింటి ఏడుపు నాకు వినబడలేదు. వాడు గుమ్మంలో నిలబడి, "మా, మాస్టర్ సచ్చిపోయినాడంట" అన్నాడు. "ఎవుడురా చెప్పింది? పొద్దున్నే ఏం కూతలవి?" అని కసిరాను. కసరక ఏం చేయను? ముందురోజు సాయంత్రమే ఆ మనిషి మా అరుగు మీద కూర్చుని టీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి పోయాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. వయసు యాభై దాటిందో లేదో. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. ఆయన మంచం మీద ఉన్నాడు, ఒక కాలికి బూటుతో. రెండోది తొడుక్కోబోతూ పక్కకు ఒరిగిపోయాడట. నేను ఆ ఒంటి బూటు వంకే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ సరిగ్గా రాలేదు. నమ్మకం కుదిరితే కదా ఏడ్చేది.

మీలో చాలామంది ఆయన్ను చూసి ఉండరు. పత్తికొండలో టమేటా మార్కెట్ వెనక రేకుల షెడ్డులో పిల్లలకు బరువులెత్తడం నేర్పేవాడు. పిల్లలు దాన్ని జిమ్ అంటారు. మా వీధి పెద్దవాళ్లకు అది తాలింఖానా, ఆయనకూ అంతే. మా ఇంటికీ ఆయన ఇంటికీ నడుమ ఒకటే గోడ. వాళ్లు చర్చికి పోయే మనుషులు, మేము గుడికి పోయేవాళ్లం. అయినా నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లీ అని పిలిచేవాడు. ఆయన భార్య నాకు వదినైంది. ఆయన బరువు ఎత్తగా మాత్రం మేమెవరం ఎన్నడూ చూడలేదు. స్టూలు మీద కూర్చుని, పిల్లవాడి మోచేయి కింద రెండు వేళ్లు పెట్టి, "ఇంగ రోంత పైకి... సాలు" అనేవాడు. గురువు కదా, ఆయనకెందుకు ఎత్తడం అనుకున్నాం.

ఆ షెడ్డులో అద్దం ఉండేది కాదు. అద్దం లేని జిమ్ యాడన్నా ఉంటాదా అని పిల్లలు గొణిగి గొణిగి, ఒకసారి తలా ఇంత వేసుకుని నిలువుటద్దం మోసుకొచ్చారు. మాస్టర్ దాన్ని అటునుంచి అటే మా కుట్టు అంగడికి పంపించేశాడు. "గుడ్డలు కుట్టించుకునేటోళ్లకు పనికొస్తాది, పెట్టుకోమ్మా. ఈడ దీంతో పని ల్యా" అన్నాడు. పిల్లలు నన్ను శత్రువును చూసినట్టు చూశారు. నాకు మాత్రం మంచి అద్దం ఊరికే దొరికింది.

అద్దానికి బదులు ఆయన షెడ్డు గోడకు మేకులు కొట్టాడు. కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడూ తనకు సరిగ్గా సరిపోయే చొక్కా ఒకటి తెచ్చి తన మేకుకు తగిలించాలి. మళ్లీ దాన్ని తొడిగేది ఉగాదికి, దసరాకు. మధ్యలో ముట్టుకోకూడదు. "అద్దం పూటకొక మాట చెప్తాదమ్మా. పొద్దున లావుగా అగుపిస్తావు, మజ్జాన్నానికి సన్నమైపోతావు. చొక్కాను ఆర్నెల్లు గమ్మున వదిలేస్తే, అదే చెప్తాది ఎంతొచ్చిందో" అనేవాడు. ఆ రెండు పండగల ముందురోజు షెడ్డులో ఒకటే సందడి. ఎవడి చొక్కా భుజాల దగ్గర పట్టేసింది, ఎవడిది అట్లాగే ఉంది అని ఒకరినొకరు గిల్లుకునేవాళ్లు. చొక్కా పొట్టిదైందని ఎగిరే పిల్లలకు, "అది నా గొప్ప కాదురా నాయనా, నీ వయసుది, మీయమ్మ సంగటిది" అని చెప్పేవాడు.

మా వాడు చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. మొదటి దసరాకు నాలుగు రోజుల ముందు, వీడు షెడ్డు నుంచి తన చొక్కా ఎత్తుకొచ్చి, నేను సంతకు పోయిన సమయం చూసి, నా మిషన్ మీదే చేతుల కుట్టు లోపలికి బిగించి, మళ్లీ మేకుకు తగిలించి వచ్చాడు. పండగ ముందురోజు తొడుక్కుంటే చేతులు పట్టేశాయి. అందరూ చప్పట్లు కొట్టారట. మాస్టర్ దగ్గరికి పిలిచి, చొక్కా విప్పించి, చెయ్యి తిరగేసి చూశాడు. "మీయమ్మ కుట్టు ఇట్ల వంకరగా పోదే" అన్నాడు. అంతే. తిట్టలేదు, వేరే ఎవరికీ చెప్పలేదు కూడా. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "మీ వానికి మిషన్ పని నేర్పమ్మా, చెయ్యి ఇంగా కుదర్లా" అన్నాడు. విషయం తెలిసి నేను వాణ్ని చీపురుతో తరుముతుంటే, ఈయన అరుగు మీద కూర్చుని పడీపడీ నవ్వాడు.

ఏడాది కావస్తుండగా నాకే ఓపిక పోయింది. మా వాడి నాయన టమేటా లారీ మీద నెలలో సగం రోజులు చెన్నై దారిలో ఉంటాడు, ఇంట్లో పిల్లవాడి మంచీచెడ్డా నాదే. గుడ్లు, శనక్కాయలు, పాలు, అన్నీ అడిగినంత పెడుతున్నాను. ఒకరోజు షెడ్డుకే పోయి, "ఏందన్నా, ఏడాదైతాంది, మావాని చేతులు ఇంగా బెండకాయల మాదిరే ఉండాయి. నువ్వు నేర్పేది సరింగా నేర్పుతాండావా ల్యా?" అని అడిగేశాను. అంతమంది పిల్లల ముందు. వేరే మనిషైతే నన్ను బయటికి పంపేవాడు. ఈయన స్టూలు నాకు జరిపి తాను నిలబడ్డాడు.

"మొదుట రెండు మూణ్ణెల్లు కండ రాదమ్మా. ఒళ్లు పని నేర్చుకుంటాది, అంతే. వచ్చినప్పుడు ఎత్తలేని బరువు ఇప్పుడు ఎత్తుతాండాడు, చెయ్యి మాత్రం అంతే ఉండాది. అది మామూలే. ఆ తరువాత కండ రావడం మొదులైతాది, అదీ శానా నిదానంగా. వానికి ఎముక ఇంగా పెరుగుతాండాది, తినేదాంట్లో సగం దానికే పోతాంది. ఏడాదికి ఒక చొక్కా రోంత బిగువైతే అదే శానా."

"మరి ఆ హమాలీ కొడుకు చూడు, వీని తోటోడే. ఎట్లున్నాడు?"

"వాళ్ల నాయన్ని చూసినావా? మేనమామల్ని చూసినావా? ఒకనికి బిరీన వస్తాది, ఒకనికి రాదు. ఇద్దురూ ఒకటే పని చేసినా. మీవాడు వానితో పోల్చుకుంటే యాడ్సడమే మిగులుతాది. వీని చొక్కాతో వీన్ని పోల్చల్ల." ఆ తరువాత నవ్వి, "వాన్ని బాగా పండుకోనీ. రాత్రి ఫోను గుంజుకో. సగం కండ ఆ నిద్దర్లోనే వస్తాది" అన్నాడు.

ఇదే మాట అడిగిన ప్రతి తల్లికీ తండ్రికీ చెప్పేవాడు. మూడు నెలల్లో బాడీ అని బోర్డు పెట్టిన ఏసీ జిమ్ వచ్చినప్పుడు చాలామంది పిల్లల్ని అటు మార్చేశారు. "ఒక్క రోంత ఎక్కువ చేసి చెప్పన్నా, ఏం పోయింది?" అన్నాను నేను. "చెప్తే నమ్ముతారమ్మా. అదే భయం" అన్నాడు.

మా వాడికి కానిస్టేబుల్ ఉద్యోగం మీద మనసు. ఇంటర్ రెండో ఏడు, పద్దెనిమిది నిండగానే పరీక్ష రాస్తానంటాడు. పరుగు వస్తుంది, చదువు వస్తుంది, ఛాతీ కొలతే చాలడం లేదు. నేను టేపు పెట్టి ఎన్నిసార్లు కొలిచినా అదే లెక్క. ఆ సంగతి కనిపెట్టిన వాడొకడు, బళ్లారి వైపు నుంచి బండి మీద వచ్చి కుర్రాళ్లకు కండలు పెంచే సూదిమందు అమ్మేవాడు, మా వాడి వెంట పడ్డాడు. దసరా లోపల ఛాతీ తెప్పిస్తానన్నాడట. వీడు షెడ్డుకు పోవడం మానేశాడు. తిట్టాను, ఏడ్చాను, అన్నం మానేశాను. వాడు వినలేదు. చివరికి గోడ మీది నుంచి పిలిచి, "అన్నా, నువ్వే చెప్పల్ల వీనికి. నా చేతుల్లో ల్యా" అన్నాను.

ఆ సాయంత్రమే ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నీకెంతొస్తాదో నేను చెప్పలేనప్పా. ఆ ఉద్యోగానికి సరిపడా రాకపోవచ్చు కూడా. అబద్ధం చెప్పి నిన్ను నిలబెట్టుకోను. ఆ సూది మాత్రం ముట్టొద్దు" అన్నాడు.

వాడు తల వంచుకుని విని, ఉన్నట్టుండి లేచాడు. "నీకేం తెలుసు సార్ దాని గురించి? నువ్వెప్పుడన్నా ఏసుకున్న్యావా? ఒక్కనాడు బరువెత్తినోడివి కాదు, మాకు చెప్పొచ్చినావు" అన్నాడు. చెంప పగలగొట్టాలని లేచాను. మాస్టర్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి పెట్టి, వెళ్లిపోయాడు. అదే ఆఖరు.

ఇప్పుడు ఆయన మంచం మీద ఉన్నాడు. ఇల్లు జనంతో నిండింది. వచ్చిన వాళ్లలో సగం మంది నోట ఒకటే మాట. ఆ బరువు గుండ్లే గుండె ఆపినాయి, వద్దంటే ఇంటారా ఈ పిల్లలు అని. ఒకాయన అక్కడే తన కొడుకు రెక్క పట్టుకుని, "రేపట్నుంచి ఆపక్క పోయినావంటే కాళ్లిరగ్గొడ్తా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఆయన ఎత్తగా చూసినావా నువ్వు? శవం ముందర నిలబడి నోటికొచ్చినట్టు మాట్లాడొద్దు" అన్నాను. ఆయన సణుగుతూ పక్కకు పోయాడు.

మా వాడు మాత్రం వదిన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నేనే అత్తా. నిన్న నేనన్న మాటకే" అన్నాడు.

వదిన చాలాసేపు వాడి తల మీద చెయ్యి పెట్టి ఉంచింది. తరువాత అందరికీ వినబడేట్టు చెప్పింది. "నీ మాటకు కాదు నాయనా. నీ వయసులో ఈయన బళ్లారిలో వాళ్ల మామ ఇంట్లో ఉండె. కండల పోటీలకు పోతాండె. ఆ సూదులు ఏసుకున్న్యాడు, ఒగటీ రెండూ కాదు. పెండ్లయినాక ఒగనాడు నీళ్ల బిందె ఎత్తబోయి పడిపోయినాడు. గుండె పెద్దదైంది, ఇంగ బరువు ముట్టొద్దని డాక్టర్లు చెప్పినారు. సూదులతోనేనా అంటే అవుననీ అనల్యా, కాదనీ అనల్యా. ఆపొద్దునుంచి ఈయన ఎత్తల్యా."

ఇన్నేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ బతికాం. దగ్గితే వినబడుతుంది. అయినా ఒక్క మాట పొక్కలేదు. దుఃఖం కంటే ముందు నాకు కోపమే వచ్చింది. ఈ సంగతి చెప్పి ఉంటే నా కొడుకు ఆ మాట అనేవాడా? "ఎందుకొదినా చెప్పకుండా దాచినాడు?" అని అడిగాను.

"ఆనాటి ఫోటో ఒగటి ఉండాది. చేతుల కండలు, ఛాతీ, చూస్తే కండ్లు తిరుగుతాయి. 'సంగతి చెప్తే పిల్లలు ఫోటో అడుగుతారు, ఫోటో చూసినోనికి గుండె గుర్తుండదు, కండలే గుర్తుంటాయి' అంటాండె. భయపడినాడమ్మా, ఆ ఫోటో చూసి ఇంగొకడు సూది ఏసుకుంటాడని." వదిన కళ్లు తుడుచుకుని మా వాడి వైపు చూసింది. "నిన్న ఇంటికొచ్చి, 'వాడు అడిగినాడు, ఇంగ దాచేది ల్యా, రేపు ఫోటో తీసుకపోయి అందురికీ చెప్పేస్తా' అన్న్యాడు. ఫోటో జేబులో పెట్టుకున్న్యాడు పొద్దున. బూట్లు తొడుక్కుంటాండె."

కొడుకు రెక్క పట్టుకున్న ఆ తండ్రి చెయ్యి వదిలేశాడు. నా కొడుకు లేచి, ప్యాంటు జేబులోంచి కాగితం చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే చిన్న గాజుబుడ్డి, సూది. అప్పటికే కొనేశాడు. ఇంట్లో, నా కళ్లెదుట తిరుగుతూ, జేబులో పెట్టుకుని తిరిగాడు. "ఎప్పుడు?" అన్నాను. "రేపు ఏసుకుందామని తెచ్చినా మా" అన్నాడు. ఆ ఇంటి ముందు బట్టలుతికే బండ మీదే దాన్ని పెట్టి రాయితో నలగ్గొట్టాను. గాజు పిండి అయ్యాక కూడా కొడుతూనే ఉన్నాను. ఎవరో వచ్చి రాయి లాక్కున్నారు.

మధ్యాహ్నం ఆలూరు దారిలో ఉన్న సమాధుల తోటకు తీసుకుపోయాం. పెట్టెను దించడానికి గుంత తవ్విన వాళ్లు తాళ్లు పట్టుకుంటే, షెడ్డు పిల్లలు ముందుకొచ్చి అడిగి తీసుకున్నారు. ఒక తాడు కొస నా కొడుకు పట్టుకున్నాడు. పాస్టరయ్య ప్రార్థన ముగిసింది, ఆడవాళ్ల పాట ముగిసింది, పెట్టె ఇంకా సగంలోనే ఉంది. పిల్లల చేతులు వణుకుతున్నాయి, చెమట కళ్లలోకి కారుతోంది. తాడు మాత్రం వేలెడు వేలెడే జారుతోంది.

"బిరీన దించండప్పా, ఎండ సంపుతాంది" అన్నాడు ఒక పెద్దాయన.

నా కొడుకు తలెత్తలేదు. "ఎత్తేదానికన్నా దించేది నిదానంగా దించల్ల తాతా. మాస్టర్ అట్లనే నేర్పినాడు" అన్నాడు.

ఇక ఎవరూ తొందర పెట్టలేదు. పెట్టె నేలకు తగిలిన చప్పుడు కూడా మాకు వినబడలేదు. తాళ్లు వదులైపోయాయి. పిల్లలు వాటిని అట్లాగే పట్టుకుని నిలబడ్డారు.