గోడ పైన సందు

మొగిలి పొద్దున లేవగానే గాలి ఎటు నుంచి వస్తున్నదో చూసేవాడు. వాకిట్లో నిలబడి తడి చేతిని పైకెత్తి కాసేపు అలాగే ఉంచేవాడు. వయసంతా శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో కరెంటు పని చేసిన మనిషి. భూమి లోపల గాలి ఆగిందంటే మనిషి ఆగినట్టే. రిటైరై లక్సెట్టిపేటలో చిన్న ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ చెయ్యి దానంతట అదే పైకి లేచేది. ఆ తర్వాతే ముఖం కడుక్కొని మోకాళ్ల మీద ప్రార్థనకు కూర్చునేవాడు.

“దేవునికంటె ముందుగాల గాలికి మొక్కుతవేందయ్యా” అని భార్య లిడియా ఎగతాళి చేసేది.

“గాలిని ఇచ్చింది ఆయననే గదా” అనేవాడు.

ఊరి చివర గోదావరికి పోయే దారిలో బేతనియ ఆశ్రమం ఉండేది. ఎవరూ లేని ముసలి ఆడవాళ్లను చర్చి సంఘం వాళ్లు చేరదీసిన చోటు అది. ఆదివారం పాటలు పాడేవాళ్లూ అక్కడే ఉండేవారు, శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లూ అక్కడే ఉండేవారు. ఒకరి పండుగకు ఇంకొకరు పప్పు రుబ్బేవారు. ఒకటే పొడుగాటి హాలు, పైన సిమెంటు రేకులు.

అందులో ఐలవ్వకు రెండు కండ్లూ కనిపించవు. గోడకు అరచెయ్యి ఆనించుకొని మంచం నుంచి వంటగదికి, అక్కడి నుంచి స్నానాల గదికి ఎవరి సాయమూ లేకుండా తిరిగేది. ఆమె చెయ్యి పోయినంత మేర గోడ నునుపు దేలి మెరిసేది. పక్క మంచం కిష్టవ్వది. ఐలవ్వ నోట్లో పళ్లు లేవని కిష్టవ్వ రోజూ వక్క దంచి ఆమె చేతిలో పెట్టేది. పెడుతూ రోజూ తిట్టేది.

“నీకు దంచి దంచి నా రెక్కలు పడిపోయినయే ముసల్దానా.”

“నువ్వేమన్న పడుచుదానివా?”

ఆశ్రమాన్ని నడిపే సొసైటీ సెక్రటరీ అరుణ్‌కుమార్ చలికాలంలో ఒకసారి వచ్చాడు. చెడ్డ మనిషి కాదు. వచ్చినప్పుడల్లా అందరికీ బత్తాయిలు తెచ్చి, తానే ఒలిచి ఇచ్చేవాడు. ఆ రోజు కూడా ఒలుస్తూనే చెప్పాడు.

“ఈ రేకుల కింద మల్లొక ఎండకాలం మిమ్ముల పెట్టలేమమ్మా. ఎవరో పుణ్యాత్ములు కూలర్ ఇచ్చిర్రు గాని, అది పెడితే ఫీజు పోతది. ఈసారి సల్లగుండే ఉపాయం దొరికితె సరే. లేకుంటె అందరిని ఆసిఫాబాద్ ఆశ్రమానికి పంపి దీన్ని మూసేసుడే.”

మొగిలి అప్పుడు అక్కడే ఒక స్విచ్చు బాగు చేస్తున్నాడు. సెక్రటరీ పోయాక ఐలవ్వ గోడ పట్టుకొని అతని దగ్గరికి వచ్చింది.

“బిడ్డా, ఆసిఫాబాద్ల గోడలు నాకు తెల్వయి. గీ వయసుల మల్ల నేర్చుకుంటనా?”

ఆ మాట మొగిలి గుండెలో ముల్లులా దిగింది. స్తంభం నుంచి వచ్చే తీగ సన్నది, ఎక్కువ బరువు మోయదు. ఉన్న కరెంటులోనే కూలర్ తిరగాలంటే మిగతావన్నీ తక్కువ తినాలి. శనివారం శనివారం తనతోపాటు నలుగురిని పోగు చేశాడు. మేస్త్రీ వెస్లీ వచ్చాడు. కరెంటు సామాన్ల దుకాణం శ్యాంసుందర్, గుడికి పోయే మనిషి, పనికి ముందు మీరు చేసే ప్రార్థన అయ్యాకే వస్తానని చెప్పి, ఎప్పుడూ ముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. సంఘంలో ఇంటికొక ఫ్యాను చొప్పున ఇచ్చారు. పాత ఫ్యాన్లు దింపి తక్కువ కరెంటు తాగేవి బిగించారు. గొట్టం లైట్లు తీసి చిన్న బల్బులు పెట్టారు. రేకులకు పైన తెల్ల సున్నం పూశారు. వంట చేసే మగ్దలేనమ్మ గంట గంటకు చాయ్ పోసేది.

అన్నీ అయ్యాక మొగిలి కన్ను గోడకూ రేకులకూ మధ్య సందు మీద పడింది. హాలు పొడుగునా జానెడు సందు. అందులో పిచ్చుకలు కాపురముండేవి. బాయిలో గోడకు వేలెడు చిల్లి ఉన్నా, లోపలివాళ్లకు అందాల్సిన గాలి అందులోంచి పోతుందని మట్టితో మూసేవారు. సందు కనబడితే ఊరుకోలేని చెయ్యి అతనిది.

“వెస్లీ, గా సందు మొత్తం మూసెయ్యి. ఇంత తిప్పలు పడి సల్లగాలి చేసి పిట్టలకిస్తమా?”

“అన్నా, నువ్వింక బాయిలనే ఉన్నవు. పైకెక్కినవని ఎవలు చెప్పలేదా నీకు?”

“చెప్పిర్రు గాని, నువ్వు సిమెంటు మాలు కలుపు.”

వెస్లీ నవ్వుకుంటూ కలిపాడు. పెద్దవాడి మాట కాదనలేదు.

మొదటిసారి కూలర్ వేసిన రోజు ఫీజు పోలేదు. ముసలమ్మలు పిల్లల్లా దాని ముందు చేరారు. ఐలవ్వ గాలికి అరచేతులు చాపి, “నా గోడ నాకు దక్కినట్టే” అన్నది. మొగిలి ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తినకముందే మోకాళ్లూనాడు.

తర్వాత వడగాలి మొదలైంది. ఈ పక్క మధ్యాహ్నమైతే ముసలివాళ్లు తలుపులూ కిటికీలూ బిగించుకొని పడుకుంటారు. తాతల నాటి అలవాటు. ఇక్కడా అలాగే బిగించారు. ఇన్నేండ్లూ పై సందు ఒకటి తెరిచి ఉండేది, ఇప్పుడు అదీ లేదు. మూసిన హాలులో కూలర్ ఆ తడిగాలినే తిప్పి తిప్పి కొట్టింది. చెమట ఆరేది కాదు. అన్నం కుండ మీద మూత పెట్టినట్టు ఉండేది లోపల.

మొగిలి రోజూ సాయంత్రం తలుపులు తెరిచే వేళకు వచ్చి అడిగేవాడు. “సల్లగుందా అవ్వా?”

“మస్తు సల్లగుంది కొడుకా” అనేది కిష్టవ్వ, కొంగుతో మెడ తుడుచుకుంటూ. మిగిలినవాళ్లూ అవునవునని తలలూపేవారు. అతను పోయాక, “పాపం, మనకోసం గింత జేసిండు. వాని మనసు ఎందుకు నొప్పియ్యాలె?” అనుకునేవారు. మగ్దలేనమ్మ చెప్పబోతే ఆమె నోరూ మూయించారు. ఆ జాలే అంత పని చేస్తుందని ఎవరికి తెలుసు.

ఒక మధ్యాహ్నం ఐలవ్వ వక్క కోసం చెయ్యి చాపితే చేతిలో ఏమీ పడలేదు. కిష్టవ్వ ఏదేదో పొంతన లేకుండా మాట్లాడుతున్నది. ఒళ్లు పెనంలా కాలుతున్నది. ఆటోలో వేసుకొని మంచిర్యాల పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

డాక్టరమ్మ అంతా అడిగి తెలుసుకొని, “కూలర్ ఉన్నకాడ గాలి బయటికి పోయే తొవ్వ ఉండాలె. మూసిన అర్రల తడి పెరిగి చెమట ఆరదు. ముసలి పానం తట్టుకోదు” అని మెల్లగా చెప్పింది.

 కిష్టవ్వను మట్టి చేసిన మర్నాడు మొగిలి నిచ్చెన వేసుకొని, ఉలితో, సుత్తెతో గోడ పొడుగునా కట్టిన మాలంతా పగలగొట్టాడు. వెస్లీ కింద నిచ్చెన పట్టుకున్నాడు. ఆ రోజు ఎగతాళి ఏమీ చేయలేదు.

అరుణ్‌కుమార్ వచ్చాడు. ఆ రోజు బత్తాయిలు తేలేదు.

“నా తప్పు సార్. ఇప్పుడు గాలి ఆడుతున్నది. ఒక్కసారి లోపలికొచ్చి చూడుర్రి” అన్నాడు మొగిలి.

అతను వచ్చి చూశాడు. తల దించుకున్నాడు.

“మంచిగనే ఉన్నది మొగిలన్నా. గాని ఇంకొకలు పోతె నేనేం జవాబు చెప్పాలె? సొసైటీల అందరు మూసేసుడే అని ఒక్కటే మాట మీదున్నరు. నా చేతుల లేదు.”

మొగిలిని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది. ఐలవ్వ వెతుక్కుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకొని, “నువ్వు మంచికే జేసినవు బిడ్డా. మేమే అబద్ధమాడితిమి” అన్నది. అతను చెయ్యి విడిపించుకోలేదు, పైకి చూడనూ లేదు. ఆ రాత్రి మోకాళ్లూని, ప్రార్థన చేయకుండానే లేచాడు.

ఆసిఫాబాద్‌కు పోయే వ్యాను వచ్చింది. మూటలు ఎక్కిస్తున్నారు. ముసలమ్మలను అక్కడ అప్పజెప్పి సాయంత్రం బస్సుకు తిరిగి రావాలని మగ్దలేనమ్మ వెంట బయలుదేరింది. మొగిలి ఆమెను నల్లా దగ్గరికి పిలిచాడు.

“అక్కా, ఒక్క మాట. ఇయ్యాల్ల బస్సుకు రాకు. ఒక్క రాత్రి ఆడనే ఉండు. నేను ఉందామంటె ఆడోళ్ల ఆశ్రమమాయె, ఉండనియ్యరు. ఐలవ్వ నడిరాత్రి లేస్తది. ఎవలను లేపదు, నీకు తెల్సు గదా. ఆమె చెయ్యి ఆడి కొత్త గోడకు ఆనిచ్చి, మంచం కాడికెల్లి బాత్రూం దాక జర నడిపియ్యి. మీ ఇంటికాడ మనుమలకు లిడియా వండి పెడ్తది. గీ ఒక్కటి నాకోసం జెయ్యి అక్కా.”