నాలుగో పేరా

జనం తిరిగొస్తారని రాసిపెట్టడం నా ఉద్యోగం. పంజాగుట్టలో కళ్లద్దాల షాపు పైన, రెండో అంతస్తులో మా టూర్ ఆఫీసు. చలికాలం సెలవుల్లో నార్వే తీసుకెళ్లి, ఆకాశంలో పచ్చటి వెలుగులు చూపించి, క్షేమంగా తీసుకురావడం మాకు పేరు తెచ్చిన ప్యాకేజీ. అందరూ నార్తర్న్ లైట్స్ అనే అంటారు. నేను మోజుపడి ఒకసారి బ్రోషర్‌లో ధ్రువకాంతులు అని వేయించాను. అది చూసి ఒకాయన ఫోన్ చేసి, ఆ యాత్రలో మొత్తం ఎన్ని గుళ్లు చూపిస్తారండీ అని అడిగాడు. అప్పట్నుంచీ ఆ మాట జోలికి పోలేదు.

వీసా దరఖాస్తుతో పాటు ఒక ఉత్తరం పెట్టాలి. మొదటి పేరాలో మనం ఎవరో, రెండో పేరాలో ఎక్కడికి ఎన్నాళ్లు వెళ్తున్నామో, మూడో పేరాలో ఖర్చు ఎవరు పెడుతున్నారో చెప్పాలి. నాలుగో పేరాలో, వెళ్లినవాళ్లం తిరిగి ఎందుకు వస్తామో చెప్పాలి. మొదటి మూడూ ఎవరైనా రాసుకుంటారు. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి డాక్టర్లూ ఆడిటర్లూ కూడా నా బల్ల ముందు తెల్లమొహం వేస్తారు. 'ఆ చలిలో ఉండిపోయి ఏం చేస్తామండీ?' అని నవ్వుతారు. అవతల చదివేవాళ్లకి నవ్వు రాదని చెప్పి, నేనే ఒక్కొక్క ప్రశ్నా వేసి వాళ్ల జీవితంలోంచి కారణాలు లాగుతాను.

పళ్ల డాక్టరుకి సగంలో ఆగిన రూట్ కెనాల్ పేషెంట్లున్నారని రాశాను. ఒక కుర్రాడికి ఫిబ్రవరిలో నిశ్చితార్థం. రిటైరైన ఒంటరి పెద్దమనిషి ఒకాయనకి ఎంత గింజుకున్నా ఏమీ దొరక్కపోతే, చివరికి కుక్క ఉందన్నాడు. ముసలి కుక్క, ఆయన చేత్తో పెడితేనే తింటుంది. అదే రాశాను, వెటర్నరీ డాక్టరు చీటీ జత చేశాను. వీసా వచ్చింది. ఆ రోజు మా ఓనరు భాయ్ ఆఫీసంతటికీ ఇరానీ చాయ్ తెప్పించి, 'నీ కలంల మస్తు తాకత్ ఉందమ్మా' అన్నాడు.

పదకొండేళ్లుగా ఇదే పని. ఆ వెలుగుల గురించి నాకు తెలియంది లేదు. మబ్బు ఉంటే ఏమీ కనిపించదు. మొదట బూడిదరంగు పొగలా ఉంటుంది, అది మబ్బే అనుకుని చాలామంది బస్సెక్కేస్తారు. ఓపికపట్టి నిలబడ్డవాళ్లకి పచ్చదనం తేలుతుంది. ఫోన్ బ్యాటరీ చలికి చచ్చిపోతుంది కాబట్టి లోపలి జేబులో పెట్టుకోవాలి. ఇవన్నీ అక్కడ పుట్టిపెరిగినట్టు కస్టమర్లకి చెప్పేదాన్ని. 'మీరెన్నిసార్లు చూశారండీ?' అని అడిగితే మాత్రం, వాళ్ల ముందు ఇంకో ఫారం పెట్టి సంతకం చేయమనేదాన్ని.

మొన్న చలికాలం మా టూర్ మేనేజర్ కాలు విరగ్గొట్టుకున్నాడు. డిసెంబరు సెలవులకి వంటమనిషితో కలిపి పధ్నాలుగు మంది గ్రూపు సిద్ధం. ఓనరు భాయ్ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

'ఈసారి నువ్వే పో అమ్మా. అందరికంటె నీకే ఎక్కువ తెల్సు.'

సరేనండీ అని ఊరుకున్నాను గానీ, బాత్రూములోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎందుకేడ్చానో నాకు బాగా తెలుసు. నలభై మూడేళ్లొచ్చాయి, నాకోసం నేనేదీ అడిగిన గుర్తు లేదు. కంప్యూటర్ కోర్సు చేద్దామని అమీర్‌పేట వచ్చి లేడీస్ హాస్టల్లో మూడో బెడ్ తీసుకున్నాను. కోర్సు అయిపోయింది, ఆ కోర్సు నేర్పిన ఇన్‌స్టిట్యూట్ కూడా మూతపడింది, నేను మాత్రం ఆ మూడో బెడ్ మీదే పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. పెళ్లి చేసుకోకూడదని శపథమేమీ పట్టలేదు, ఆ పని జరగలేదంతే. ఇప్పుడు అడక్కుండా ఇది వచ్చింది. ఈ ఒక్కటీ చూస్తే చాలనుకున్నాను, నిజంగానే.

ఉన్ని మేజోళ్లు కొన్నాను. హాస్టల్ వార్డెన్ అక్కకి పది రోజులుండనని చెప్పాను.

'గడ్డకట్టే చలికి పైసలు పెట్టి పోతున్నరా? మీ గ్రూపు మొత్తాన్ని ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిల చూపియ్యాలె ముందు' అని నవ్వి, వెంటనే లెక్కలోకి వచ్చింది. 'పది రోజులు బెడ్ ఖాళీగ ఎందుకుంచుడు? కోచింగ్ పిల్ల ఒకామె జాగా కావాలంటుంది. గామెకిస్త. నువ్వొచ్చినంక నీది నీకే.'

మా హాస్టల్లో అది మామూలే. సరేనన్నాను.

ఆదివారం ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని నా ఉత్తరం మొదలుపెట్టాను. మూడు పేరాలు పావుగంటలో అయిపోయాయి. నాలుగోదానికి కర్సర్ దగ్గరే ఆగిపోయాను. అలవాటు ప్రకారం నన్ను నేనే ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టుకుని అడిగాను. సొంత ఇల్లుందా? లేదు, హాస్టల్ రసీదుంది. పిల్లలు? లేరు. మీమీద ఆధారపడ్డవాళ్లు? అమ్మ పోయి ఆరేళ్లయింది. తమ్ముడు విశాఖలో ఉన్నాడు, పండగలకి ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే మెసేజ్ పెడతాడు. మీ చేతి ముద్ద కోసం ఎదురుచూసే కుక్కయినా ఉందా? నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపం కూడా వచ్చింది.

మర్నాడు భాయ్‌కి చూపిస్తే తల గోక్కున్నాడు. 'నిశ్చితార్థం అని రాయి. ఎవరు చూస్తరు?'

నేను రాయనన్నాను. ఇంతమందికి దొరికింది నాకెందుకు దొరకదన్న పంతం. కొంత గర్వం కూడా ఉంది, దాచడం దేనికి. ఉద్యోగం ఉందని రాసి, దాని కింద ఒక్క వాక్యం చేర్చాను: పంతొమ్మిదేళ్లుగా అమీర్‌పేటలో ఉంటున్నాను, నాకు వేరే చోటు తెలియదు. రాసినప్పుడు ఆ వాక్యం చాలా బలంగా ఉందనిపించింది.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం పాస్‌పోర్టులొచ్చాయి. పధ్నాలుగు మందికీ వీసా అంటించి ఉంది. పదిహేనోదానిలో మడతపెట్టిన కాగితం. వరసగా కారణాలు, పక్కన చిన్న చిన్న గళ్లు. ఒక్క గడిలోనే టిక్కు పెట్టారు. గడువులోగా మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు, అని దాని అర్థం. ఆ వాక్యం పడకుండా చూడటమే పదకొండేళ్లుగా నేను చేస్తున్న పని.

భాయ్ ఆ కాగితం చదివి, మళ్లీ మడతపెట్టి నా చేతికిచ్చాడు. తర్వాత, 'ఫికర్ చెయ్యకమ్మా, వచ్చే ఏడు చూద్దాం. పది రోజులు లీవ్ తీసుకో, జర ఇంటికి పోయి రా' అన్నాడు.

ఏ ఇంటికి భాయ్ అని అడగబోయి మానేశాను. పాపం, మంచిగా అన్న మాట అది.

ఆయన అక్క కొడుక్కి అంతకు ముందే వీసా ఉంది. నా బదులు అతన్ని పంపడానికి నిశ్చయమైంది. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఏ గుట్ట దగ్గర నిలబడాలో, బస్సు లైట్లు ఎందుకు ఆర్పించాలో, పొగలాంటిది కనిపించగానే జనాన్ని బస్సెక్కనివ్వకూడదని చెప్పాను. 'ఓకే అక్కా, ఓకే' అంటూ ఫోన్ చూసుకున్నాడు. కొట్టాలనిపించింది.

నా పెట్టె పొద్దున్నే ఆఫీసుకి తెచ్చుకున్నాను, ఆ రాత్రి ఆఫీసులోనే పడుకుని మర్నాడు అట్నుంచటే వెళ్లొచ్చని. మళ్లీ దాన్ని ఈడ్చుకుంటూ షేర్ ఆటో ఎక్కి హాస్టల్‌కి చేరాను. మెట్ల మీద ఎదురైన ఇద్దరు పిల్లలు పక్కకి తప్పుకుని, 'కొత్తగా వచ్చారా ఆంటీ?' అన్నారు. మా గదిలో నా మంచం మీద ఒక సన్నటి అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చదువుకుంటోంది. దుప్పటి నాదే, నీలం పూలది.

వార్డెన్ అక్క నాలుక కరుచుకుంది. 'అయ్యో, పోలేదా? నేను గా పిల్లకి ఇచ్చేసిన గదా. పైసలు సుత తీస్కున్న. పరీక్షలున్నయట, ఎట్ల లేపుత? జర సర్దుకో, పది రోజులే గదా.'

డైనింగ్ హాల్లో వాటర్ ఫిల్టర్ పక్కన మడతమంచం వేయించింది. నేను ఎవరి మీద కోప్పడాలో తెలియక, దిండు ఒకటి ఇప్పించమని అడిగాను.

మర్నాడు ఆఫీసు ముందు బస్సు దగ్గర నిలబడి బ్యాగులకి ట్యాగులు కట్టాను. శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చిన పెద్దావిడ నా చెయ్యి పట్టుకున్నారు. భర్త రానని మొండికేస్తే ఒప్పించి లాక్కొచ్చిన మనిషి. ఆవిడ నాలుగో పేరాలో, మాఘమాసంలో మనవరాలికి చెవులు కుట్టించే వేడుక ఉందని రాశాను. ఆవిడ మాటవరసకి అన్నదాన్ని పట్టుకుని నేను అల్లిన పేరా అది.

'ఏంటమ్మా, నువ్వు రావట్లేదా? నువ్వుంటావనే కదా మా వారిని ఒప్పించాను!'

'ఆఫీసులో పనుందండీ.'

'నీ బదులు కూడా నేనే చూసొస్తాలే' అన్నారావిడ. దయగానే అన్నారు. ఆ మాట నాకు కారం రాసినట్టుంది.

ఆ పది రోజులూ పొద్దున్నే నా గది తలుపు నేనే తట్టి, నా అలమారలోంచి నా చీర తీసుకునేదాన్ని. ఆ అమ్మాయి ప్రతిరోజూ 'రండక్కా' అనేది, మర్యాదగా. చీర చంకన పెట్టుకుని గబగబా బయటికొచ్చేసేదాన్ని.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వీసా రాకపోవడం కాదని మడతమంచం మీద పడుకున్నాక తెలిసింది. గ్రూపుకి పది రోజుల కార్యక్రమం గంటగంటకీ వేసింది నేనే. తిరుగు విమానం, శంషాబాద్‌లో దిగే వేళ, అక్కణ్నుంచి బస్సు, అన్నీ వేశాను. నా ఊహలో మాత్రం ఎప్పుడూ మంచులో నిలబడి తలెత్తి చూసేదాన్ని. అక్కడితో ఆగిపోయేది. తిరిగొచ్చి పెట్టె విప్పి మేజోళ్లు ఉతుక్కోవడం ఒక్కసారి కూడా ఊహించుకోలేదు. నన్నెప్పుడూ చూడని మనిషెవరో, ఒక్క వాక్యం చదివి, ఆ సంగతి నాకంటే ముందు కనిపెట్టారు. వాళ్లని తిట్టుకోవడానికి కూడా నాకేమీ మిగల్చలేదు.

నాలుగో రోజు రాత్రి భోజనాల వేళ, ఎనిమిదిన్నరకి, పెద్దావిడ వీడియో కాల్ చేశారు. అక్కడింకా సాయంత్రం నాలుగే. డిసెంబరులో ఆ ఊళ్లో సూర్యుడు రాడు కాబట్టి చీకటిగానే ఉంది. నా చేతిలో కంచం, కంచంలో సాంబారన్నం. చుట్టూ పిల్లలు అప్పడాల కోసం వరసలో ఉన్నారు.

'కనిపిస్తోందా అమ్మా? అదిగో! అటు! పచ్చగా! మా వారు ఏడుస్తున్నారే, చూడు!'

కంచం కింద పెట్టి ఫోన్ దగ్గరగా పట్టుకున్నాను. నల్లటి తెర మీద పచ్చటి మరక ఒకటి వణికింది. వానాకాలం ట్యాంకు గోడకి పట్టే నాచులా ఉంది. ఇంతలో ఆవిడ చేతితొడుగు అడ్డం పడింది, మళ్లీ తొలగింది. నాలో ఏదైనా కదులుతుందేమోనని నిజంగా కాచుకున్నాను. ఏమీ కదల్లేదు. ఇన్నేళ్లూ ఆఫీసు కంప్యూటర్లో చూసిన వీడియోల్లో ఇంతకంటే బాగుండేది.

'కనిపిస్తోందండీ. చాలా బాగుంది' అన్నాను.

పిల్లలు చుట్టూ మూగారు. 'మీ అమ్మగారా అక్కా?' అని ఎవరో అడిగితే, కస్టమరని చెప్పాను.

పెద్దావిడ ఫోన్ తనవైపు తిప్పుకున్నారు. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. గొంతు తగ్గించి, భర్తకి వినపడకూడదన్నట్టు చెప్పారు.

'చూశాం కదమ్మా, ఇంక చాలు. ఇంకా ఆరు రోజులుండాలా? పిల్ల దుద్దులు కంసాలికిచ్చి వచ్చాను, ఎలా చేశాడో ఏమిటో. మనసంతా అక్కడే ఉంది. ఎప్పుడెప్పుడు ఇంటికెళ్లిపోదామా అనిపిస్తోంది.'

ఆవిడ తల వెనకాల ఆకాశం ఇంకా పచ్చగా కదులుతూనే ఉంది. ఆవిడ దానివైపు చూడటం లేదు. నేను అల్లానని గర్వపడ్డ పేరా ఆ మంచులో నిలబడి నాతో మాట్లాడుతోంది. చెవులు కుట్టించడం నిజం. రూట్ కెనాళ్లు, నిశ్చితార్థం, ఆ ముసలి కుక్క, అన్నీ నిజమే అయ్యుంటాయి. నేను వాళ్లకి ఏదీ కల్పించి పెట్టలేదు. వాళ్లకి ఉంది కాబట్టి దొరికింది.

ఫోన్ పెట్టేశాక సాంబారన్నం చల్లారిపోయింది. నా మంచం మీద ఉంటున్న అమ్మాయి కంచం పట్టుకుని వచ్చి నా మడతమంచం చివర కూర్చుంది. మంచి పిల్ల. నా ముఖం చూసి పలకరించాలనుకుందేమో. ఆ మంచం నాదని వార్డెన్ అక్క తనకి చెప్పినట్టు లేదు.

'మీరు ఇక్కడ ఎన్నాళ్లుంటారక్కా?'

పంతొమ్మిదేళ్లు, అది నా మంచం, అది నా దుప్పటి అని నోటిదాకా వచ్చింది. శుక్రవారం ఆ అమ్మాయి ఖాళీ చేస్తుంది, నా మూడో బెడ్ నాకొస్తుంది.

'శుక్రవారం దాకానమ్మా' అన్నాను.

'అయితే శుక్రవారం ఇంటికెళ్లిపోతారన్నమాట!' అంది, నా తరఫున సంతోషపడుతూ.

అవునన్నాను.