తన మేత తాను సంపాదించుకునే ఆవు

"తన మేత తాను సంపాదించుకోలేని ఆవు నా కొట్టంలో ఉండదు" అనేవాడు మాలకీ గాఫ్నీ. ప్రతి మంగళవారం డ్రమ్‌కీల్ పశువుల సంతలో, టీ గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, టోపీ తీయకుండా, నెమ్మదిగా అనేవాడు. గొంతు పెంచి అంటే గొప్పలు పోతున్నాడని వదిలేసేవాళ్లం. నెమ్మదిగా అనేవాడు కాబట్టి తగిలేది.

తగలడానికి కారణముంది. ఐర్లండులోని లీట్రిమ్ కౌంటీలో, ఎప్పుడూ నీళ్లూరే మా నేలను ఎకరాలతో కాదు, బిందెలతో కొలవాలని పక్క కౌంటీ వాళ్ల వేళాకోళం. ఎంత బాగు చేసినా రెండేళ్లు తిరగకుండానే తుంగ మళ్లీ లేస్తుంది. సగం ఏడాది పశువు కొట్టంలోనే ఉంటుంది. పాతర గడ్డి వేయాలి, దాణా కొనాలి. ఇంతా చేసి, అమ్మిన దూడ ఆ ఖర్చుకు సరిపడా తెస్తే అది మంచి ఏడు. మాంసం ఫ్యాక్టరీ వాళ్లు చెప్పిందే ధర. అందుకే ప్రభుత్వం రైతుకు ఏటా ఇచ్చే సాయం చెక్కు మీద మా ఇళ్లన్నీ నిలబడి ఉన్నాయి. అదిప్పుడు నేరుగా బ్యాంకులోనే పడుతుంది గానీ, మేం ఇంకా చెక్కు అనే అంటాం.

మాలకీ మాత్రం చెక్కు తీసుకోడు. "మీరు పితికేది ఆవుల్ని కాదురా, సర్కారుని. దానికి గడ్డెందుకు, బెత్తెడు కాగితం చాలు" అనేవాడు.

ఈ పట్టుదల అతనిది కాదు, వాళ్ల నాన్నది. 1930లలో ఇంగ్లండు మా పశువుల మీద పన్ను వేసి మా సంతలు ఎండగట్టినప్పుడు, దూడలు ఎక్కువైపోయాయని మా ప్రభుత్వమే దూడ చర్మానికి పది షిల్లింగులు ఇచ్చింది. అప్పుడింకా పాతికేళ్లు నిండని ఆ నాన్న, ఆ వసంతంలో పుట్టిన దూడల్ని పెరటి గోడ పక్కన కోసి, చర్మాలు సైకిలుకు వేలాడదీసుకుని పట్నం వెళ్లాడు. ముసలితనంలో, మంచం మీద, కొడుకు చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు: పశువు పేరు చెప్పి సర్కారు డబ్బు ముట్టుకోకూడదు. "ఇవాళ దూడకి వెల కట్టినవాడు రేపు నీకూ కడతాడు" అన్నాడట.

మాలకీ ఆ మాట నిలబెట్టాడు. నిలబెట్టాననే అనుకున్నాడు.

ఇంట్లో అతనూ, అక్క డీలియా, ఇద్దరే. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. పొలం ఇద్దరి పేరునా ఉంది. పశువులు అతనివి, పద్దులు ఆమెవి. సంతలో దూడ అమ్మితే వచ్చిన డబ్బు కాగితాన్ని మడత విప్పకుండా తెచ్చి టీ డబ్బా కింద పెట్టేవాడు. దాణా కొట్టుకూ, పశువుల డాక్టరుకూ, గడ్డి కోసే యంత్రం వాడికీ ఆమె కట్టుకునేది. గాఫ్నీల ఇంటి తలుపు బాకీ కోసం ఏనాడూ ఎవరూ తట్టలేదు. అంటే ఆవులు గిట్టుబాటు అవుతున్నట్టే కదా. అతనికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

ఫింటన్ టాన్సీ వచ్చేదాకా ఆ నమ్మకం వల్ల ఎవరికీ నష్టం కలగలేదు.

ఫింటన్ డబ్లిన్‌లో ఇళ్లు కట్టే మేస్త్రీ. ఇళ్లు కట్టించేవాళ్లు దివాలా తీశాక, నలభై ఏళ్ల వయసులో, చనిపోయిన మేనమామ పొలానికి తిరిగి వచ్చాడు. మేనమామ పొలంతోపాటు అతని చెక్కు హక్కు కూడా ఫింటన్‌కు వచ్చింది. మా దగ్గర ఆ హక్కును కూడా అమ్ముకోవచ్చు. చేతిలో రొక్కం లేదు, పశువులు కొనాలి. ఏం చేయాలో తోచక మాలకీ దగ్గరికి వచ్చాడు.

"మీరు నిజంగా చెక్కు లేకుండానే నెట్టుకొస్తున్నారా?"

"నా ఒంటి మీద కోటు చూడు. సర్కారు కొనిపెట్టిందా?"

"కోటు చూస్తే సర్కారు కూడా కొనదులెండి. ఆవులు చూస్తే నమ్మాలనిపిస్తోంది."

మాలకీ నవ్వాడు. అతన్ని వేళాకోళం చేసే ధైర్యం ఊళ్లో ఎవరికీ ఉండేది కాదు. ఆ ఒక్క మాటతో ఫింటన్ అతనికి దగ్గరివాడైపోయాడు. హక్కు అమ్మేసి, ఆ డబ్బుతో పెయ్యలు కొన్నాడు ఫింటన్. ఒక్కో పెయ్య నడుమూ కాళ్లూ తడిమి చూసి ఏరింది మాలకీయే. అందులో ఎర్ర పెయ్య ఒకటి ఉండేది. "ఇది నీ ఇల్లు నిలబెడుతుంది" అన్నాడు దాని వీపు చరుస్తూ.

ఆ తరువాత నాలుగేళ్లకు, సెప్టెంబరులో డీలియా కంటి ఆపరేషన్‌కు స్లైగో వెళ్లింది. ఆమె ఆసుపత్రిలో ఉండగా తెల్ల జీపు ఒకటి గాఫ్నీల వాకిట్లో ఆగింది. కొత్త గంబూట్ల మనిషి దిగాడు.

"మాలకీ గాఫ్నీ గారేనా?"

"మా నాన్న పెట్టిన పేరైతే అదే."

"వ్యవసాయ శాఖ నుంచండీ. చెక్కు తనిఖీ. పశువుల్ని ఒక చోటికి తోలితే చెవి బిళ్లలు చూసుకుని, పొలం ఒకసారి నడిచి వెళ్లిపోతాను."

"తప్పు గుమ్మానికి వచ్చావు నాయనా. ఈ ఇంట్లో చెక్కు తినేవాళ్లు లేరు."

"గాఫ్నీ అనే ఉందండీ."

"ఈ కొండ మీద రాయి విసిరితే గాఫ్నీకే తగుల్తుంది. పోయి ఇంకోణ్ణి చూసుకో."

"మొన్న ఫోన్ కూడా చేశాను. ఎవరూ ఎత్తలేదు."

"ఫోను మా అక్కది. నేను ముట్టను."

వచ్చినవాడు మంచివాడే. జీపు తలుపు మీద చెయ్యి వేశాడు. "తనిఖీ చెయ్యనివ్వకపోతే ఈ ఏటిది మొత్తం పోతుందండీ. ఒక్కసారి మీ అక్కగారిని అడగండి."

"రాని డబ్బు పోయేదేంటి? బూట్లు కొత్తవిలా ఉన్నాయి. బురద కాకముందే వెళ్లు."

మంగళవారం టీ గదిలో ఈ కథను అతను ఎంతో ముచ్చటగా చెప్పాడు. ఆ మనిషి గొంతు అనుకరించాడు, బూట్ల గురించి చెప్పాడు. ఫింటన్ బల్ల మీద చేత్తో కొడుతూ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు. నవ్వింది వాళ్లిద్దరే. మిగతావాళ్లు టీ కప్పుల్లోకి చూసుకున్నారు. ప్రతి మే నెలలో డీలియా మంచి కోటు వేసుకుని, చెక్కు దరఖాస్తులు రాసిపెట్టే ఆఫీసు మెట్లెక్కడం చూడనివాళ్లు ఆ గదిలో తక్కువ. టీ పోసే టెస్ మాత్రం కెటిల్ పట్టుకుని అతని పక్కన ఆగి, "డీలియా ఎప్పుడొస్తోంది మాలకీ?" అని అడిగింది.

"శుక్రవారం. ఏం?"

"ఏం లేదు. ఆవిడ ఉండుంటే ఆ అబ్బాయికి టీ అయినా ఇచ్చేది."

శుక్రవారం డీలియా కంటికి పట్టీతో బస్సు దిగింది. ఇంటికి వచ్చేదాకా ఆగలేక దారిలోనే మొదలుపెట్టాడు మాలకీ. వంటింట్లోకి వచ్చాక మిగతాది చెప్పాడు. ఆమె కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

"పంపేశావా?"

"పంపకేం చేస్తాను?"

"ఆవుల్ని చూపించలేదా? ఒక్కదాన్ని కూడా?"

"ఎందుకు చూపిస్తాను డీలియా?"

ఆమె పట్టీ లేని కంటితో అతన్ని చూసింది. అప్పుడు అతనికి టీ గదిలో ఎవరూ ఎందుకు నవ్వలేదో అర్థమైంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొదట్నుంచీ."

"నాన్న చచ్చిపోతూ..."

"నాన్న ఏమన్నాడో నాకూ తెలుసు. ఆ పది షిల్లింగులతోనే ఆ చలికాలం ఇంట్లో పిండి ఉందని నీకు చెప్పాడా? నాకు అమ్మ చెప్పింది. తిన్నాక కోపం రావడం తేలిక."

అతను పొయ్యి దగ్గరికి నడిచాడు. "మరి నా ఆవులు? ఏమీ తేలేదా?"

"ఆవులు ఆవుల్ని పోషించుకున్నాయి మాలకీ. అదీ మంచి ఏడైతే. మనల్ని ఏనాడూ పోషించలేదు."

"చెప్పి ఉంటే ఆవుల్ని తీసేసేవాణ్ణి."

"తీసేసి? పొద్దున్నే ఎందుకు లేచేవాడివి?"

మాలకీ తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఫింటన్ పెయ్యలు కొంటున్నప్పుడు కూడా నీకు తెలుసు. ఈ బల్ల దగ్గరే కూర్చుని ఇద్దరం మాట్లాడుకుంటుంటే టీ పోశావు."

డీలియా తల వంచుకుంది. "చెప్పాలనుకున్నా. చెబితే అతని ముందు నీ మొహం ఎలా ఉంటుందో అనుకున్నా."

"ఇప్పుడు బాగుందా?"

మరుసటి రోజు అతను ఫింటన్ దగ్గరికి నడిచి వెళ్లాడు. ఫింటన్ కొట్టం కడుగుతున్నాడు. మాలకీ ఉన్నదున్నట్టు చెప్పాడు. అడ్డుమాటలు చెప్పడం అతనికి రాదు. ఫింటన్ చీపురు ఆపలేదు. నీళ్లు మాలకీ బూట్ల దాకా పారాయి.

"తెలీదా?" అన్నాడు చివరికి.

"తెలీదు."

"ఇంట్లోకి డబ్బొస్తుంటే తెలీదా? తిన్నది తెలీదా?"

"దేవుడి సాక్షిగా, తెలీదు ఫింటన్."

"మంగళవారం నన్ను నవ్వించావు చూడు. అది మాత్రం మర్చిపోను. ఊరంతా నన్నే చూస్తున్నారు. నువ్వు బాగా నటించావయ్యా."

"నేనూ నవ్వాను కదా."

"నవ్వావు. నీ బ్యాంకులో డబ్బుంది, నవ్వుతావు."

అందరూ ఫింటన్ మాటే నమ్మారు. మాలకీకి తెలియదన్న నిజం అబద్ధంకంటే అధ్వాన్నంగా వినబడింది. డీలియా స్వయంగా వెళ్లి చెప్పి వచ్చింది. తమ్ముణ్ణి వెనకేసుకొస్తోందని అనుకున్నారు.

ఆ చలికాలం గాఫ్నీల ఇంటికి చెక్కు రాలేదు. నలభై ఏళ్లుగా మాలకీ గొప్పగా చెప్పుకున్న బతుకు ఎలా ఉంటుందో అతను మొదటిసారి చూశాడు. వానలు ఆగలేదు. పశువుల్ని ముందే కొట్టంలోకి తోలాల్సి వచ్చింది, గడ్డి ముందే అయిపోయింది. జనవరిలో దాణా కొట్టువాడు గుమ్మంలోకి వచ్చి, టోపీ తీసి, గాలి గురించీ వాన గురించీ మాట్లాడి వెళ్లాడు. బాకీ మాట ఎత్తలేదు. మా వైపు ఎత్తకపోవడమే ఎత్తడం. మాలకీ మేలైన ఆవుల్ని ఏరి, కడుపుతో ఉండగానే, అడిగిన ధరకు అమ్మాడు. అక్కాతమ్ముళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లు. ఆమె "టీ" అంటే అతను "ఊఁ" అనేవాడు.

వసంతం రాగానే ఫింటన్ పశువులన్నీ సంతకు వచ్చాయి. లండన్‌లో మళ్లీ మేస్త్రీ పని దొరికిందని టెస్‌తో చెప్పాడట. మాలకీ ఆ రోజు టీ గదికి వెళ్లలేదు. వేలం బరి కటకటాలకు ఆనుకుని నిలబడ్డాడు. ఫింటన్ మొదటి ఆవు లోపలికి రాగానే వేలు ఎత్తాడు. వ్యాపారి ఒకడు దాని మీద పాడాడు. మాలకీ మళ్లీ ఎత్తాడు. ధర కాస్త పైకి వెళ్లాక ఆగిపోయాడు. రెండో ఆవుకూ అంతే, మూడో దానికీ అంతే. అతను కొనడానికి రాలేదని, ఫింటన్ సరుకుకు ధర ఎక్కించడానికి వచ్చాడని వ్యాపారికి అర్థమైంది. చివరికి ఎర్ర ఆవు వచ్చింది. పోటాపోటీగా ధర ఎక్కడికో వెళ్లాక మాలకీ వేలు ఎత్తాడు. వ్యాపారి అతని వైపు చూసి, నవ్వి, చేతులు జేబులో పెట్టుకున్నాడు. సుత్తి పడింది. మతి ఉన్నవాడెవడూ ఆ ఆవుకు అంత ఇవ్వడు.

మా సంతలో అమ్మినవాడు కొన్నవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లి ఎంతో కొంత తిరిగి చేతిలో పెట్టాలి. చెయ్యి కలిపి, "అచ్చిరానీ" అనాలి. తండ్రిని చంపినవాడికి అమ్మినా ఆ మాట అంటాం. మాలకీ టీ గదిలోకి వెళ్లి కిటికీ పక్క కూర్చున్నాడు. ఫింటన్ వస్తాడో రాడో అని మేమంతా గుమ్మం వైపే చూస్తున్నాం.

వచ్చాడు. మాలకీ లేచి నిలబడి చెయ్యి చాచాడు. ఫింటన్ నోటు ఒకటి తీసి చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టాడు.

"ధర బాగా ఎక్కించావు. చెక్కు పడిందా ఏంటి?" అన్నాడు.

"అచ్చిరానీ" అని మాత్రం అనలేదు. వెళ్లిపోయాడు. చాచిన చేతిని మాలకీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచి, కుర్చీ వీపు పట్టుకున్నాడు. టెస్ బల్ల తుడవడానికి వచ్చి, నోటు చుట్టూ తుడిచి వెళ్లింది. ఆ నోటును అతను తీసుకోలేదు. ఎవరు తీశారో నాకు తెలియదు.

సాయంత్రం ట్రాలీ వాకిట్లో ఆగేసరికి డీలియా గేటు దగ్గర నిలబడి ఉంది. ఎర్ర ఆవు వెనక్కి నడుస్తూ దిగి, కొత్త వాకిలిని వాసన చూసింది. చలికాలం కొట్టంలో బాగా చిక్కిపోయింది, ముందు కాలు కొంచెం ఈడుస్తోంది.

"ఎంతకి?" అంది డీలియా.

చెప్పాడు.

"అది తన మేత తాను సంపాదించదు మాలకీ."

"తెలుసు" అన్నాడు. "గేటు వెయ్యి."