ఆఫీసరుకు పెట్టిన విస్తరి

చెంగమ్మ నోటికి జడిసి పుంగనూరు సంతలో గంపలవాళ్లు కూడా పక్కకు జరిగేవాళ్లు. కుప్పం దగ్గర పుట్టి, పుంగనూరు పక్క పల్లెకు ఆదెప్ప పెళ్లాంగా వచ్చిన నాటి నుంచీ ఆమె ఎవరికీ తల వంచింది లేదు. అలాంటి మనిషి ఎనభైల నడిమి కరువులో, కొంగు ముఖానికి అడ్డం లాక్కుని చెరువులో పూడిక తీసే కరువు పనికి పోయింది. భూమి ఉన్న ఇంటి ఆడది మట్టి తట్ట నెత్తికెత్తుకోవడమంటే మాటలా? ఏడ్చుకుంటూనే ఎత్తుకుంది.

ఊరంతా ఆ పని మీదే బతుకుతోంది. నాలుగు చినుకులు రాలాయో లేదో, పని మూసేస్తామని కబురొచ్చింది. వాన పడిందట, కరువు తీరిందట! చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తింది నిన్నగాక మొన్న. కాయ పీకేది కార్తీకంలో. అందాకా మన్ను తినాలా? కోత దాకా పని పొడిగించమని ఊరు అర్జీ పెడితే, చూసి చెబుతానని మదనపల్లె నుంచి ఒక ఆఫీసరు బయల్దేరాడు. ఆయన ఊఁ అంటే ఊరు నిలుస్తుంది. లేదంటే బెంగుళూరులో ఇటుకలు మొయ్యడానికి వలస పోవాల్సిందే.

ఊరికి పెద్ద ఆదెప్ప కాబట్టి భోజనం వాళ్లింట్లోనే.

"రాగిగెంజి పోస్తా. మేం తాగేదే ఆయప్పా తాగనీ, అప్పుడు తెలుస్తాది," అంది చెంగమ్మ.

"ఇంటికొచ్చినోనికి గెంజా? నా పరువేం కావాల మే?" అని ఆదెప్ప గయ్యిమన్నాడు.

"నీ పరువు కూడు పెడతాదా? నోరు మూసుకో!"

మొగుణ్ణి గెలిచి గెంజి కాచింది. తీరా జీపు దిగిన ఆ పెద్దమనిషి గెంజి కుండలోకి తొంగి చూసి, ముక్కు చిట్లించి, వెంట వచ్చినవాళ్లతో "పాపం, వీళ్లింట్లో ఇంతేనేమో. పదండి, పుంగనూరు హోటల్లో తిందాం," అన్నాడు.

చెంగమ్మ ఒళ్లు మండిపోయింది. "మా ఇంట్లో తినకుండా ఎవురూ పోలేదు. కూసోండి!" అంది. గుడ్లు పెట్టే పెట్టను కోసింది. పక్కింటి నాగరత్నమ్మ బాలింత కూతురి కోసం దాచుకున్న బియ్యం బతిమాలి తెచ్చింది. ఉన్న చుక్క నెయ్యీ వేసింది. అయ్యో, గెలిచిన మనిషి ఎంత పని చేసింది!

ఆ తిండిపోతు మారు మీద మారు వడ్డించుకుని, బ్రేవుమని తేన్చి, "ఇంత మంచి భోజనం తిని ఎన్నాళ్లయిందమ్మా! ఈ ఊళ్లో కరువేమిటి?" అన్నాడు. మెచ్చుకోలు అనుకుని చెంగమ్మ మురిసిపోయింది.

వారం తిరక్కుండానే పని మూసేశారు. ఎందుకని అడగబోయిన ఆదెప్పను మదనపల్లె ఆఫీసులో గుమాస్తా ఎగాదిగా చూశాడు. "సారు సొయంగా సూసొచ్చినాడు కదప్పా. కోడికూర, నెయ్యి ఉండే ఊరికి కరువు పని యాల?" అన్నాడు.

ఇక చేసేదేముంది? మూటలతో ఊరు ఊరంతా బస్సు కోసం రోడ్డెక్కింది. చెంగమ్మ కూడా. నాగరత్నమ్మ ఆమె ఎదుటికొచ్చి నిలబడింది.

"నా బియ్యమూ పాయ, పనీ పాయ. వాడు లొట్టలేసుకోని తిన్నాడంట గదా. బాగా వండినావులే అక్కా!"

చెంగమ్మ కొంగు మళ్లీ ముఖానికి అడ్డం లాక్కుని బస్సెక్కింది. బెంగుళూరు దాకా ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆదెప్ప కూడా.