బెల్లం కాటా ఎక్కిన నా సూట్‌కేసు

మునగపాకలో ఉండే మా తమ్ముడి కూతురు శ్రావణి కబడ్డీ ఆడుతుంది. అనకాపల్లి స్టేడియంలో ఫైనల్ ఉంది, రమ్మని ఫోన్ చేస్తే, ఎలాగూ ఆ రోజు విశాఖ వెళ్లాలి కదా అని ఒప్పుకున్నాను. విశాఖలో మా అక్క ఇంట్లో ఉంటున్న మా అమ్మాయికి మర్నాడు పదింటికి ఉద్యోగం తాలూకు సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ అన్నీ నా సూట్‌కేసులోనే ఉన్నాయి. సామర్లకోటలో పొద్దున్న ఏడింటికి రైలెక్కితే తొమ్మిది దాటాక అనకాపల్లిలో దిగాను. అక్కణ్ణుంచి స్టేడియానికి ఆటోకి అరవై రూపాయలు.

గేటు దగ్గర పెట్టెతో లోపలికి పంపేది లేదన్నారు. ఎదురుగా ఉన్న లాడ్జీలో అడిగితే, గది తీసుకుంటేనే సామాను ఉంచుకుంటామన్నారు. ఫైలొకటి తీసి చేత్తో పట్టుకుందామా అంటే, ఆ తోపులాటలో చేతిలో ఉండేదానికంటే పెట్టెలోనే నయమనిపించింది. దిగబెట్టిన ఆటో అతను ఇదంతా చూసి, వాళ్ల పెద్దమ్మ నూకరత్నం బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తుందని చెప్పి అక్కడికి తీసుకెళ్లాడు.

మార్కెట్లో ఎటు చూసినా బెల్లమే. ఆరుబయట వరసలు వరసలుగా గోనెలు చుట్టిన బెల్లం దిమ్మలు. ఒక్కో రైతు సరుకు మీద ఒక్కో సున్నపు గుర్తు. రైతులు టీకి వెళ్లిపోయారు, కాపలా ఎవరూ లేరు. నూకరత్నం పెట్టెకి పాకం అంటకుండా గోనె చుట్టి, కాటా మీద పెట్టి, పన్నెండు కిలోల నాలుగొందల గ్రాములని చీటీ రాసి నాకిచ్చింది. గోనె మీద సున్నంతో గుర్తు వేసి, కాటా పక్కన వరసలో పెట్టింది. లోపల పెట్టి తాళం వేయడానికి గదేమైనా ఉందా అని అడిగాను.

"తాళం ఏటికమ్మా? కాటా ఏసేం కదా."

శ్రావణి వాళ్లు రెండు పాయింట్ల తేడాతో గెలిచారు. నలుగురు పట్టుకున్నా ఆ పిల్ల ఈడ్చుకుంటూ గీత తాకింది. ఇంట్లో పిల్లిలా ఉండే పిల్లేనా అని చూస్తూండిపోయాను.

ఒంటిగంటన్నరకి మార్కెట్‌కి వస్తే కాటా పక్కన నా పెట్టె లేదు. పొద్దున్న అక్కడున్న వరస మొత్తం ఖాళీ. చీటీ పట్టుకుని కాటా చుట్టూ వెతికాను. నూకరత్నం మాత్రం తాపీగా అన్నం డబ్బా మూత పెట్టి చెప్పింది. అలవాటు కొద్దీ నా గోనె మీద కూడా పక్క రైతు గుర్తే వేసేసిందట. వేలం కాగానే హమాలీలు దాన్నీ ఆ సరుకుతో పాటు బండికెత్తేశారు.

"బెంగెట్టుకోకు. కొన్నోళ్లు గొడౌన్లో మళ్లీ తూకం ఏసుకున్నారు. ఒక దిమ్మ ఎక్కువొచ్చిందని ఇప్పుడే ఫోన్ సేసేరు. పన్నెండు కేజీల నాలుగొందలు. అది నీదే."

మరో పావుగంటకి రిక్షాలో గోనె వచ్చింది. మళ్లీ కాటా మీద పెట్టి, అంకె నాకు చూపించాకే తాడు విప్పనిచ్చింది. ఫైలు తీసి ఒక్కో కాగితం చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. వంద రూపాయలు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"తూకం డబ్బులు సరుకు అమ్మినోళ్లిత్తారు. నువ్వేటమ్మేవు?"

ఇంట్లో పప్పు డబ్బాల అలమరాకి కూడా తాళం వేసి, తాళంచెవి కొంగుకి కట్టుకునే మనిషిని నేను. తమది కాని దిమ్మ ఒకటి వచ్చిందని, అడిగేవాళ్లు లేకుండానే ఫోన్ చేసి పంపించిన ఆ కొనుగోలుదారు ముఖం కూడా నేను చూడలేదు. మూడింటి బస్సులో విశాఖ వెళుతూ, పెట్టె ఒళ్లో పెట్టుకోకుండా సీటు కింద పెట్టి కాసేపు నిద్రపోయాను.

ఇలా వెళ్లేవాళ్లకి ఒక్క మాట. సామాను ఎక్కడ ఉంచినా, దాని మీద పేరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. ఎవరైనా పైన గోనె చుడితే, ఆ గోనె మీద కూడా రాయండి.